కోలాహల పర్వతం – కృష్ణానది

పూర్వం పర్వతాలకు రెక్కలుండేవని పురాణాలు చెప్పినవి. అవి పక్షులవలె ఎగిరి, ఇచ్చ వచ్చిన చోట వాలుతూ లోకాన్ని భయపెట్టగా ఇంద్రుడు వజ్రాయుధంతో వాటి రెక్కలు నరికినాడు. మైనాకుడొక్కడే సముద్రంలో దాగి బ్రతికినాడు. ఈ కథ విని నేటి విద్యార్థి నవ్వవచ్చు. కాని కొత్తకోట పరిసరాలలోని గుట్టలను, వాటిపై ఎవరో ఎత్తి పెట్టినట్లు నిలిచిన గుండ్లను చూచినవానికి, అవి ఎక్కడినుండియో వచ్చి వాలినవేమో అనిపించక మానదు. ఆ శిలలు అక్కడే పుట్టినవని, సుమారు 250 కోట్ల ఏండ్లనాటివని, ఎండవానలే వాటిని గుండ్లుగా చెక్కినవని భూశాస్త్రం చెబుతుంది. చూపు ఒక్కటే, ఒకరు దానికి కథ చెప్పినారు, మరొకరు కారణం చెప్పినారు.

ఇట్టి కల్పిత పర్వతాలలో తెలుగువారికి మిక్కిలి ఆప్తమైనది కోలాహలం. పదహారవ శతాబ్దివాడైన రామరాజభూషణుడు తన ‘వసుచరిత్ర’కు ఈ కొండనే ఆటపట్టుగా చేసికొన్నాడు. మూలకథ భారతం ఆదిపర్వంలో ఉన్నది. చేదిరాజైన ఉపరిచరవసువు నగరం ప్రక్కన శుక్తిమతి అనే నది పారుతున్నది. కోలాహల పర్వతం ఆ నదిని మోహించి అడ్డగించినది. రాజు తన పాదంతో ఆ పర్వతాన్ని తన్నినాడు. నదికీ పర్వతానికీ కవలలు పుట్టినారు. కుమారుని రాజు సేనాపతిగా చేసికొన్నాడు. కుమార్తె గిరికను పెండ్లాడినాడు.

ఈ కథకు పటంలో చోటు వెదకిన పండితులున్నారు. శుక్తిమతి నేటి బుందేల్‌ఖండ్‌లోని కేన్ నది కావచ్చునని పార్జిటర్ తలచినాడు. మరికొందరు ఆ నదిని, ఆ కొండను బీహారులో చూపినారు. వాదం తేలలేదు. తేలకపోయినా కావ్యానికి లోటు లేదు. ఎందుకనగా కోలాహలం పటంలో లేకపోయినా ప్రకృతి నియమాలకు వెలుపల లేదు. కొండ అడ్డు పడితే నీరు నిలుస్తుంది. దారి దొరికితే సాగుతుంది. సంస్కృత భారతంలో రాజు తన్నిన తాపునకు పర్వతంలో ఏర్పడిన సందులోనుండియే నది వెలువడినదని ఉన్నది. ఇది లోయ పుట్టుకను చెప్పిన మాట. పర్వతానికి మనసును కల్పించిన కవి కూడ నీటిని పల్లం నుండి మిట్టకు పారించలేదు. కల్పనకు బలం అక్కడ ఉన్నది. ఒక అద్భుతాన్ని అంగీకరించిన పాఠకుడు తక్కినదంతా సహజంగా సాగాలని కోరుతాడు.

నదికి కొండ అడ్డు పడే దృశ్యం చూడగోరువారు చేదిదేశం దాకా పోనక్కరలేదు. గద్వాల, వనపర్తి సీమలను ఒరసికొని వచ్చే కృష్ణ, తుంగభద్రను కలుపుకొని, సోమశిల దాటి నల్లమలలో ప్రవేశిస్తుంది. అంతవరకు విశాలంగా పారిన నది అక్కడ కొండల నడుమ ఇరుకున పడుతుంది. ఎడమ ఒడ్డున అమ్రాబాదు పీఠభూమి, కుడి ఒడ్డున శ్రీశైలం. ఈ కొండలలోని కఠిన శిలలు వంద కోట్ల ఏండ్లకు పైబడినవి. ఇక్కడ నదికి దారి ఇచ్చిన తాపు ఒక రాజుది కాదు. లక్షల ఏండ్లు నీరే రాతిని కోసినది. శ్రీశైలం మెట్లు దిగి పాతాళగంగను చేరిన యాత్రికునికి ఆ కోత ఎంత లోతో కాళ్లకే తెలుస్తుంది.

ఆ ఇరుకులోనే ఆధునిక కాలంలో మనుష్యుడు తన కోలాహలాన్ని నిలిపినాడు. 1963లో శ్రీశైలం ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. 1981 నాటికి కట్టడం పూర్తియైనది. దాని పొడవు 512 మీటర్లు, ఎత్తు 145 మీటర్లు. నది ఆగినది. వెనుకకు తిరిగిన నీరు అలంపురం, వనపర్తి, కొల్లాపురం ప్రాంతాల పల్లెలను, ఆవలి ఒడ్డున కర్నూలు సీమ పల్లెలను ముంచినది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి నిలిపినారు. జటప్రోలు మదనగోపాలస్వామి కోవెలను, సోమశిల ఆలయాలను కూడ మిట్టకు తరలించినారు. రాతి గుడికి స్థానం మార్చవచ్చును. కాని పొలం గట్టును, ఊరి చింతచెట్టును, పెద్దల సమాధులను విప్పి తీసికొని పోవుట ఎవరి తరము?

ఇందులో ఒక విచిత్రమైన కలయిక ఉన్నది. వసుచరిత్ర బాటలో తెలుగున ఎన్నో ప్రబంధాలు పుట్టినవి. వాటిలో ‘చంద్రికాపరిణయం’ ఒకటి. దాని కర్త సురభి మాధవరాయలు జటప్రోలు సంస్థానాధీశుడు. కోలాహలం నదిని అడ్డగించిన కావ్యాన్ని ఆదర్శంగా గైకొన్న కవి ఏలిన ఊరు, కొన్ని శతాబ్దాలకు అడ్డగింపబడిన నది నీటిలోనే మునిగినది.

వసుచరిత్రలో కొండ ప్రేమ ఉన్నది, నది అవస్థ ఉన్నది, రాజు పరాక్రమం ఉన్నది. నది నిలిచినప్పుడు ఎగువన ఉన్నవారి ఇండ్లేమైనవో కథ చెప్పదు. అది కావ్యదోషం కాదు. శృంగారప్రబంధానికి ఆ పని లేదు. ఆనకట్ట కథ చెప్పేవారికి మాత్రం ఆ పని తప్పదు. ఆ జలాశయం విద్యుత్తు నిచ్చినది. ఆ నీటినే కల్వకుర్తి ఎత్తిపోతల పథకం నాగర్‌కర్నూలు, వనపర్తి మిట్టభూములకు ఎక్కిస్తున్నది. ఒక ఊరు మునిగిన నీటితో మరొక ఊరి పొలం పండుతున్నది. ఈ రెండు వాక్యాలలో ఏ ఒక్కదానిని విడిచినా చరిత్ర సగమే అవుతుంది.

కావున ఈ సీమలోని ఉపాధ్యాయులు గిరికాకల్యాణం కథ చెప్పే దినాన తరగతి గోడకు కృష్ణానది పటం తగిలించుట మేలు. పిల్లలు ముందు తమకు తోచిన కోలాహలాన్ని గీయాలి. దానికి అడ్డుపడిన నదిని గీయాలి. ఆ తరువాత నీరు ఎంతవరకు వెనుకకు పోతుందో రంగు పూసి చూపాలి. ఆ రంగు క్రింద ఉన్న ఊళ్ల పేర్లు వారి తాతలకు తెలిసి ఉండవచ్చును. ఇంటికి పోయి అడిగి వచ్చి, పటం మీద వ్రాయవలసినది ఆ పేర్లనే.