అమీర్‌పేట హోరులో మీ పేరు ఎలా వినిపిస్తుంది?

సాయంత్రం ఆరు. అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నడుస్తున్నారు. బస్సుల హారన్లు, ఆటోవాళ్ల కేకలు, పైన మెట్రో రైలు చప్పుడు, పక్కనే 'కొత్త బ్యాచ్ సార్' అంటూ చేతిలో పాంప్లెట్ పెట్టే కుర్రాడు. ఇంత గోలలో వెనక నుంచి ఎవరో మీ పేరు పెట్టి పిలుస్తారు. టక్కున తల తిప్పేస్తారు!

ఇందులో వింతేముంది అంటారా? హారన్లూ, కేకలూ, మీ పేరూ చెవిలోకి విడివిడిగా రావు. అన్నీ కలగలిసిపోయి వచ్చి కర్ణభేరిని తాకుతాయి. ఆ కలగాపులగాన్ని విడదీసే పని మెదడుది.

కర్ణభేరి అదురును మూడు బుల్లి ఎముకలు లోపలికి అందిస్తాయి. అక్కడ నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. అందులో సుమారు 15 వేల రోమ కణాలు. గుల్ల మొదట్లో ఉన్నవి కీచు శబ్దాలకు, చివర్లో ఉన్నవి బొంగురు శబ్దాలకు స్పందిస్తాయి. ఆ కదలికే విద్యుత్ సంకేతంగా మారి నాడి ద్వారా మెదడుకు వెళ్తుంది.

కుడివైపు నుంచి పిలిస్తే ఆ శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఎంతంటే, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు! ఆ తేడాను పట్టుకునే మెదడు 'పిలుపు అటు నుంచి' అని తేల్చేస్తుంది. ఆ తర్వాత చెవుల పైభాగాన ఉండే మెదడు పొర అది ఎవరి గొంతో, ఏ మాటో గుర్తుపడుతుంది.

1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒకదాన్నే తిరిగి చెప్పమన్నారు. రెండో చెవిలో ఏం చెప్పారో వాళ్లకు దాదాపు గుర్తే లేదు. కానీ 1959లో నెవిల్ మోరే అదే పట్టించుకోని చెవిలో వాళ్ల పేరు వినిపిస్తే, మూడింట ఒకవంతు మంది పట్టేశారు. అంటే వద్దనుకున్న గోలకు కూడా మెదడు తలుపు పూర్తిగా మూయదన్నమాట.

అసలు చిక్కు ఇక్కడే. ఈ మాయంతా రోమ కణాల మీదే ఆధారపడింది. మనుషుల్లో అవి ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు.

మన నిబంధనల ప్రకారం వ్యాపార ప్రాంతాల్లో పగలు 65 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రుల దగ్గర నిశ్శబ్ద ప్రాంతాల్లో అయితే 50. పంజాగుట్టలో నిమ్స్ ముందు రోడ్డు మీద రెండు నిమిషాలు నిలబడి వినండి, పరిస్థితి మీకే అర్థమవుతుంది.

బయటి హోరు వినపడకూడదని మనం ఏం చేస్తాం? ఇయర్‌ఫోన్స్ వాల్యూమ్ పెంచేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి వెళ్తే? నాలుగు గంటలే! రోజూ క్లాసుకు వెళ్లి వచ్చే దారిలోనే ఆ కోటా అయిపోతుంది.

అందుకే వాల్యూమ్ 60 శాతం దాటనివ్వకండి. నాయిస్ క్యాన్సిలింగ్ ఉంటే ఆన్ చేయండి. చెవుల్లో గుయ్యిమనే మోత ఆగకపోయినా, జనంలో మాటలు వినపడుతూ అర్థం కాకపోయినా ఈఎన్‌టీ డాక్టర్ని కలవండి.

రేపు మళ్లీ అదే మెట్ల దగ్గర ఎవరో ఒకరు మిమ్మల్ని పిలుస్తారు. ఆ పిలుపు పదేళ్ల తర్వాత కూడా వినపడాలి కదా!