మీకు తెలుసా? ఒక ల్యాప్‌టాప్, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు

ఆత్రేయపురంలో పూతరేకులు అమ్మే ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్ అనుకుందాం. నాన్నగారి బిల్లులు విండోస్‌లో, ఇంజినీరింగ్ చదివే అమ్మాయికి కావలసింది లైనక్స్. ఇంకోటి కొనక్కర్లేదు. డిస్కులో కొంత చోటు విడదీసి లైనక్స్ ఎక్కిస్తే, ఆన్ చేయగానే ‘గ్రబ్’ అనే చిన్న ప్రోగ్రామ్ ఏది తెరవమంటారని అడుగుతుంది. ఒకటి వదిలి రెండోదానికి వెళ్లాలంటే రీస్టార్ట్ చేయాల్సిందే.

తమాషా అంతా గడియారం దగ్గరే. లైనక్స్ వాడి విండోస్‌లోకి వస్తే టైము ఐదున్నర గంటలు వెనక్కి పోవచ్చు. మధ్యాహ్నం మూడింటి బిల్లు మీద ఉదయం తొమ్మిదిన్నర పడుతుంది! బ్యాటరీ పాడవలేదు. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో ప్రపంచ ప్రామాణిక సమయాన్ని (యూటీసీ) ఉంచుతుంది. విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. మనం యూటీసీ కంటే 5:30 గంటలు ముందు కదా! లైనక్స్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే గొడవ తీరుతుంది.

విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ మాత్రం ఆపేయండి. అది ఉంటే షట్‌డౌన్ పూర్తిగా జరగదు. ఆ స్థితిలో లైనక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నవాళ్లు ముందే రికవరీ కీ రాసి పెట్టుకోవాలి. బ్యాకప్ సంగతి సరేసరి.

అన్నట్టు, తెలుగులో నడిచే లైనక్స్ కూడా ఉంది. హైదరాబాద్‌కు చెందిన ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్ అనే లైనక్స్ రకం ఆధారంగా దాన్ని తయారుచేసింది. ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి ‘బాస్’ లైనక్స్‌లోనూ తెలుగు ఉంది.