జారుడు చేప ఈత ముందు హౌజులో చూడాలి

ఖాజాగూడ: కొర్రమట్టకు గాలం వేసేవారు కప్పనో వానపామునో ఎరగా గుచ్చడం మన జిల్లాలో తాతల నాటి నుంచి వున్నదే. ఇప్పుడు ఆ ఎర స్థానంలో కొయ్యతోను, ప్లాస్టిక్‌తోను చేసిన బొమ్మ చేపలు వచ్చాయి. వీటిలో గ్లైడ్ బెయిట్ అనేది ఒక రకం. మన భాషలో జారుడు చేప అనుకోవచ్చు. తల ముక్క ఒకటి, తోక ముక్క ఒకటి, నడుమ కీలు. తంగూసు లాగి వదిలితే ఎడమకు జారుతుంది. మళ్లీ లాగితే కుడికి తిరుగుతుంది. వేటాడే చేపకు అది గాయపడి దారి తప్పిన చేపలా కనిపిస్తుంది.

ఒక విషయం ముందే చెప్పాలి. బొచ్చె, రోహు, బంగారుతీగ వంటివి దీని జోలికి రావు. కొర్రమట్ట, వాలుగ వంటి సాటి చేపలను తినే జాతులే దీని వెంట పడతాయి. కొర్రమట్ట 2016 నుంచి తెలంగాణ రాష్ట్ర చేప కూడా.

బజారులో కొన్నా, ఇంట్లో చెక్కుకున్నా, ఈ బొమ్మ నీటిలో సరిగా జారకపోతే అది ఉత్త కర్రముక్కే. కొందరు దుకాణం నుంచి తెచ్చి నేరుగా చెరువులోకి విసురుతారు. అది గుర్రపుడెక్కలో చిక్కి, దారం తెగి, డబ్బుతో పాటు రెండు మూడు ముక్కొక్కీలు కూడా నీటిపాలవుతాయి. ఆ కొక్కీలు తరువాత కొంగ గొంతులోనో, నీళ్లకు దిగిన బర్రె కాలిలోనో తేలతాయి. అందుకే పరీక్ష ముఖ్యం.

ఈ పరీక్షకు పెద్ద చరిత్రే వుంది. ఫిన్లాండు దేశపు బెస్త లౌరీ రపాలా 1936లో బెండు ముక్కను చెప్పులు కుట్టేవారి కత్తితో చెక్కి చేపను చేశాడు. పైన చాక్లెట్ల తగరపు కాగితం చుట్టి, ఫోటో నెగటివులు కరిగించి పూత పూశాడు. చేపల గుంపులో కొద్దిగా వంకరగా ఈదేదాని మీదికే పెద్ద చేప పడుతుందని ఆయన గమనించాడు. ఆయన పేరు మీద నడిచే కంపెనీ తమ బొమ్మలను నీటి తొట్టిలో ఈదించి చూశాకే అమ్ముతామని చెప్పుకుంటుంది. ఆ బొమ్మకు మూతి కింద చిన్న రేకు వుంటుంది, నీటి తాకిడికి ఆ రేకే దాన్ని ఊపుతుంది. జారుడు చేపకు ఆ రేకు లేదు. బరువు ఎక్కడ పడింది, కీలు ఎంత తేలికగా ఆడుతోంది అన్నదాని మీదే దాని ఈత సాగుతుంది. కనుక దీనికి పరీక్ష ఇంకా ఎక్కువ అవసరం.

సీసం సంగతి

ముందు చూడవలసింది బరువు. ఒక గిన్నెను అంచు దాకా నీటితో నింపి, బొమ్మను పూర్తిగా ముంచి, పొర్లిన నీటిని కొలిస్తే లెక్క తెలుస్తుంది. 60 మిల్లీలీటర్లు పొర్లితే బొమ్మ మొత్తం బరువు సుమారు 60 గ్రాములు వున్నప్పుడు నీటిలో తేలకా మునగకా నిలుస్తుంది. అంతకు కొంచెం మించితే మెల్లగా దిగుతుంది. టేకుతో చేసిన అంత బొమ్మ 40 గ్రాముల లోపే తూగవచ్చు. మిగతాది సీసం, కొక్కీలు, వార్నీషు కలిసి పూరించాలి. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి కర్ర ఇంకా తేలిక, చెక్కడం సులువే గాని సీసం ఎక్కువ పడుతుంది. తూకానికి కూరగాయల తక్కెడ చాలదు, కంసాలి తరాజు కావాలి. ఇక్కడ తేడా ఒకటి రెండు గ్రాముల్లోనే.

కొక్కీలు, రింగులు అన్నీ తగిలించాకే నీటిలో వేయాలి. కొక్కీలు లేకుండా చూసి బాగుందనుకోవడం దండగ. తోక ముందు మునిగితే సీసం వెనక ఎక్కువైంది. తల ముందు మునిగితే ముందు ఎక్కువైంది. పక్కకు ఒరిగినా, వెల్లకిలా తిరిగినా సీసం పైకి పడింది, దాన్ని పొట్ట అడుగుకు దించాలి. సన్నని సీసపు రేకును పొట్ట మీద అంటించి, అటూ ఇటూ జరిపి చూసి, చోటు కుదిరాకే రంధ్రం చేసి లోపల పెట్టి మూయడం తెలివైన పని. సీసాన్ని వంటపొయ్యి మీద కరిగించకూడదు, పొగ విషం. ఇంగ్లండులో హంసలు సీసపు గుండ్లు మింగి చస్తున్నాయని 1987లో గాలానికి కట్టే చిన్న గుండ్లను నిషేధించారు.

నిలకడ కుదిరాక ఈత. పొలంలోని బోరు హౌజు దీనికి మంచిది. అడుగున తెల్ల గులకరాళ్లు బెత్తెడు దూరంలో వరుసగా పేరిస్తే, బొమ్మ ఎంత పక్కకు జారిందో కంటికి తెలుస్తుంది. గాలపు కర్ర కొస కిందికి వుంచి, దారాన్ని చిన్నగా లాగి వెంటనే వదులు చేయాలి. కొత్తవారికి ఇదే కుదరదు, ఎప్పుడూ బిగించి పట్టుకుంటారు. దారం బిగిస్తే బొమ్మకు తిరిగే వీలే వుండదు. కీలు బిగుసుకుంటే కర్రలా సూటిగా వస్తుంది. మరీ వదులైతే మధ్యకు మడిచిపోయి కొక్కీలు దారానికి చిక్కుతాయి. దారాన్ని ముక్కు రింగుకు బిగించి ముడి వేసినా ఈత చెడుతుంది, చిన్న కొక్కెం ద్వారా తగిలిస్తే తల స్వేచ్ఛగా ఆడుతుంది.

నీటిని బట్టి కూడా ఈత మారుతుంది. సముద్రపు నీరు మంచినీటి కంటే నూటికి రెండున్నర పాళ్లు బరువు. చెరువులో మెల్లగా దిగే 100 గ్రాముల బొమ్మ విశాఖ ఒడ్డున పైకి తేలవచ్చు. చలికాలపు తెల్లవారు నీటికీ మే నెల మధ్యాహ్నపు నీటికీ కూడా అంతటి బొమ్మ మీద గ్రాములో మూడో వంతు తేడా వస్తుంది. శీతాకాలంలో నిలిచినది ఎండాకాలంలో మెల్లగా దిగుతుంది.

చెరువు ఎవరిది?

ఖాజాగూడకు పెద్ద చెరువు వుంది. శేరిలింగంపల్లి మండలపు ఈ పల్లె చుట్టూ 1998లో హైటెక్ సిటీ ప్రారంభమైన తరువాత భవనాలు లేచాయి. నగరం కమ్ముకున్న చెరువుల్లో మురుగు, గుర్రపుడెక్క ఎక్కువ కనుక బొమ్మ ఎలా జారుతోందో కనిపించదు. నీరు తేటగా వుందని బండలు తీసిన క్వారీ గుంతల వద్దకు పోవడం ప్రాణాంతకం. అక్కడ ఒడ్డునే నిలువు లోతు వుంటుంది. చెరువులో చేపలు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘం పోసి పెంచినవి, కనుక వారి అనుమతి లేకుండా గాలం వేయరాదు.

మరొకటి. వర్షాకాలంలో నీటి పైన ఎర్రని పిల్లలు గుంపుగా కదులుతుంటే కింద తల్లిదండ్రి కొర్రమట్టలు కాపలా వున్నట్టే. అవి ఆకలి లేకపోయినా పిల్లలను కాచుకోవడానికి బొమ్మ మీదికి దూకుతాయి. ఆ దెబ్బను చూసి బొమ్మ బాగా పనిచేసిందని అనుకోరాదు. కాపలా చేప పోతే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి.

పరీక్ష ఒక్కసారితో తీరదు. బొమ్మను గంటసేపు నీటిలో వుంచి, పైన తడి తుడిచి మళ్లీ తూచాలి. గ్రాము పెరిగితే వార్నీషు ఎక్కడో పగిలి కొయ్య నీరు తాగుతోందన్నమాట. రెండు రోజులు నీడలో ఆరబెట్టి పూత వేశాక హౌజు పని మళ్లీ మొదటి నుంచి.