మన చలికాలమే దాని వేసవి

ఐరోపా తోటల్లో ఎండాకాలమంటే ఇంపేషన్స్ పూల కాలం. మంచు భయం తీరాక చిన్న మొక్కల్ని మళ్లలో నాటితే గులాబి, నారింజ, తెలుపు, ఎరుపు పూలు నేల కనబడకుండా కమ్ముకుంటాయి. మళ్లీ మంచు పడేదాకా పూత ఆగదు. అదే మొక్కను మే నెలలో బాసరలో ఆరుబయట పెడితే పూట గడవదు. గోదావరిలో ఇసుక తేలి, నల్లరేగడి నెర్రెలిచ్చి, ఎండ 40 డిగ్రీలు దాటే రోజులవి. నీళ్లతో నిండిన ఆ లేత కాడ తట్టుకోలేక మొదలంటా వాలిపోతుంది.

అట్లని దానికి ఇక్కడ చోటు లేదనుకోవద్దు. చలిదేశాల వేసవికి దగ్గరగా ఉండేది మన చలికాలం. వానలు నెమ్మదించాక నాటితే శివరాత్రి దాకా పూస్తుంది. బాసర సరస్వతమ్మ గుడిలో వసంత పంచమినాడు పిల్లలు పలకమీద తొలి అక్షరం దిద్దే వేళకు ఈ పూలు నిండు కళలో ఉంటాయి.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది దీని నీడ మోజు. చాలా పూలమొక్కలు ఎండ చాలక మొగ్గ తొడగని చోట, వేపచెట్టు కింద, ఉత్తరపు గోడ వారన ఇది విరగబూస్తుంది. పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా కదా! కెన్యా నుంచి మొజాంబిక్ దాకా తడి అడవుల నీడల్లో పెరిగిన జాతి. దీనికి శాస్త్రీయ నామం పెట్టిన జోసెఫ్ డాల్టన్ హుకర్, 1911లో 94వ ఏట కన్నుమూసేదాకా చివరి ఏళ్లను ఈ కుటుంబపు మొక్కల్ని పరిశీలిస్తూ గడిపాడు. వెయ్యికి పైగా జాతులున్న కుటుంబం మరి! మన పడమటి కనుమల్లోనూ హిమాలయాల్లోనూ ఎన్నో ఉన్నాయి.

బాసర పెరళ్లకూ ఈ కుటుంబం కొత్తది కాదు. వానాకాలంలో మెత్తని కాడమీద ఆకుల సందుల్లో పూసే గోరింటపూల మొక్క దీనికి దగ్గరి చుట్టమే. చేతులు పండించే గోరింటాకు చెట్టు వేరు. అయినా ఆ ఆకులోని ఎర్రరంగు పదార్థం ఈ మొక్కలోనూ ఉంది. కొరియాలో ఆడపిల్లలు ఈ పూలు నూరి గోళ్లకు పెట్టుకుంటారు.

ఇంపేషన్స్ కాయలూ గోరింటపూల మొక్క కాయలూ ఒకే తీరు. పండిన కాయను వేలితో తాకితే చాలు, ఐదు పలకలు చటుక్కున మెలిపడి, బిగించిన వడిసెల వదిలినట్టు గింజల్ని దూరంగా విసురుతాయి. పువ్వు వెనక సన్నని తోకలో తేనె ఉంటుంది. పువ్వు మొదట పుప్పొడినిస్తుంది. కేసరాల టోపీ రాలాకే లోపలి కీలాగ్రం బయటపడుతుంది. అందుకే ఒక పువ్వు తన పుప్పొడితో తానే కాయకట్టడం అరుదు.

విత్తేటప్పుడు గింజలమీద మట్టి కప్పొద్దు, మొలకెత్తడానికి వెలుతురు కావాలి. రేగడి ఒక్కటే అయితే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. ఇసుక, బాగా మాగిన ఎరువు కలపాలి. నీళ్లు మొక్క మొదట్లోనే పోయాలి. ఆకులు తడిసి ఉంటే అడుగున తెల్లని బూజు పడుతుంది, 2011లో బ్రిటన్ తోటల్ని దెబ్బతీసింది ఆ తెగులే.

ఫాల్గుణంలో ఎండ ముదరకముందే కొమ్మలు తుంచి, ఇంట్లో వెలుతురున్న చల్లని మూల నీళ్లసీసాలో పెట్టండి. వేర్లు వస్తాయి. అన్నీ బతకవు, బతికిన వాటిని నీడలో కుండీకి మార్చుకోండి.