లూప్ పెడల్ : ఒక్కరే వాయించు గిటారు

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమున పదవ తరగతి విద్యార్థి యొకడు గిటారు వాయించెను. అతనితో కలిసి వాయింపవలసిన ఇద్దరు మిత్రులలో ఒకడు జ్వరముతో పడియుండెను. రెండవవాని తండ్రిగారికి బదిలీ యగుటచే ఆ కుటుంబము ఊరు విడిచి వెళ్ళెను. కార్యక్రమమును మానుకొమ్మని ఆ బాలునితో నేనే చెప్పితిని. అందుల కతడు, "ఒక్కడనే వాయించెదను మాస్టారూ" అని, పినతండ్రి యొద్దనుండి ఎరవు తెచ్చిన చిన్న లోహపు పెట్టె నొకదానిని వేదికపై తన పాదముచెంత నుంచుకొనెను. కొంతసేపటికి సభలో మూడు గిటారులును ఒక మద్దెలయు మ్రోగుచున్నట్లు వినబడెను. వేదికపై నున్నవాడు మాత్ర మొక్కడే.

సభ ముగిసిన పిమ్మట కొందఱు తల్లిదండ్రులు నన్ను సమీపించి, "వాయించినది యంత్రము గదా, అబ్బాయి చేసిన దేమున్నది?" అని యడిగిరి. బాలుడు ప్రక్కనే యుండెను. ఆ మాట విని తల వంచుకొనెను. ఆనాడు నాకు తగిన సమాధానము తోచలేదు. తరువాత ఆ బాలుని యొద్దనే కొంత తెలిసికొని, ఇంటివద్ద స్వయముగా కొంత అభ్యసించి, సంగతి గ్రహించితిని. ఆ సమాధానమే ఈ వ్యాసము.

ఆ పెట్టెను లూప్ పెడల్ అందురు. లూప్ అనగా వలయము. మన సంగీత పరిభాషలో దీనికి మిక్కిలి దగ్గఱి మాట ఆవర్తనము. ఆది తాళమున ఎనిమిది అక్షరములు లెక్కించి మరల సమమునకు వచ్చుట సంగీతము నేర్చు పిల్లలందఱకు తెలిసినదే. ఈ పెట్టె మనము వాయించిన ఆవర్తనమును గ్రహించి, మనము చాలు ననువఱకు దానిని తిరిగి తిరిగి వినిపించును. గిటారు నుండి వచ్చు తీగ ఈ పెట్టెలో చేరును. పెట్టె నుండి మఱియొక తీగ యాంప్లిఫయరునకు పోవును. చేతులు రెండును గిటారుపై నుండవలెను గావున మీటను కాలిక్రింద నమర్చిరి. మన పౌరాణిక నాటకములలో కాలి హార్మోనియము వాయించువారు తిత్తిని కాలితో త్రొక్కి, చేతులను స్వరములకు విడుచుట పెద్దలు చూచియే యుందురు. ఇదియు నట్టి యేర్పాటే.

ఈ ఆలోచన నేటిది కాదు. అమెరికా దేశపు గిటారు విద్వాంసుడు లెస్ పాల్, తాను వాయించిన ఎనిమిది గిటారు భాగములను ఒకదానిపై నొకటి చేర్చిన 'లవర్' అను రికార్డును 1948లో వెలువరించెను. 1960 దశకమున టెర్రీ రైలీ అను సంగీతకర్త రెండు టేపు రికార్డరులను ప్రక్కప్రక్కన నుంచి, ఒకే టేపును రెంటిగుండ నడిపెను. మొదటి యంత్రము గ్రహించిన ధ్వనిని రెండవది కొంత ఆలస్యముగా వినిపించును. టేపు సెకనునకు 7½ అంగుళములు నడచుచు, యంత్రముల నడుమ దూరము 30 అంగుళము లైనచో, ఆ ఆలస్యము 4 సెకనులు. రాబర్ట్ ఫ్రిప్, బ్రయన్ ఈనో అనువారు 1973లో వెలువరించిన రికార్డునందు గిటారును ఈ పద్ధతినే వినిపించిరి. ఇప్పుడు టేపు లేదు. ధ్వనిని సెకనునకు వేలకొలది పర్యాయములు (సాధారణముగా 44,100 మార్లు) కొలిచి సంఖ్యలుగా మార్చి దాచుదురు. అందుచే ఆ రెండు పెద్ద యంత్రముల పని అరచేతియంత పెట్టెలో ఇమిడినది.

ఒకే మీట గల పెట్టెలలో వాడుక సామాన్యముగా ఇట్లుండును. మొదటిసారి త్రొక్కిన నమోదు ఆరంభమగును. రెండవసారి త్రొక్కిన ఆవర్తనము ముగిసి, ఆ క్షణముననే మొదటినుండి వినబడును. మూడవసారి త్రొక్కిన దానిపై రెండవ పొర చేరును. వెంటవెంటనే రెండుమార్లు త్రొక్కిన ఆగును. అదిమి పట్టిన చెఱిగిపోవును. పెట్టెను బట్టి ఈ క్రమము కొంచెము మారవచ్చును.

చూచుట కింత సులభమైన పనిలో కష్టమంతయు ఆ రెండవ త్రొక్కులోనే యున్నది. నిమిషమునకు 60 అక్షరముల నడకలో ఎనిమిది అక్షరముల ఆవర్తనమునకు 8 సెకనులు పట్టును. సెకనులో పదవవంతు ఆలస్యముగా త్రొక్కితిమా, ఆవర్తనము 8.1 సెకనులగును. సాధారణమైన పెట్టె దానిని దిద్దదు. మనము చెప్పినదే ప్రమాణమని నమ్మును. ప్రతి ఆవర్తనము చివరను ఒక కుంటు వినబడును. ప్రక్కన మృదంగము వాయించువాడు సరియైన కాలమున పోవుచుండినచో, పది ఆవర్తనములకు ఇద్దఱి నడుమ ఒక పూర్తి అక్షరము ఎడమగును. క్రొత్తవారు ఎనిమిదవ అక్షరము పలికినంతనే త్రొక్కుదురు. అది తప్పు. ఎనిమిదవ అక్షరము పూర్తిగా జరిగి, తరువాతి సమము పడు క్షణముననే త్రొక్కవలెను.

మన బాలుడు ఆనాడు చేసిన తప్పిదమును ఇదియే. మొదటి ప్రయత్నమున ఒక అక్షరము ముందుగా త్రొక్కెను. నడక కుంటుపడెను. సభలో గుసగుసలు బయల్వెడలెను. అతడు మీటను అదిమి అంతయు చెఱిపివేసి, పెదవులతో లెక్కించుకొనుచు మరల మొదలిడెను. రెండవమారు సరిపోయెను. ఆ చెఱుపుట చాలమంది గమనింపలేదు. గమనించినవారు యంత్రము చెడినదని తలచిరి.

పొరలను చేర్చుటకును ఒక వివేకము వలయును. అతడు మొదట గిటారు పొట్టపై అరచేతితో తట్టి తాళము నిలిపెను. దానిపై లావు తంత్రులతో మంద్రస్వరములను, పిదప నడుమ తంత్రులపై కొన్ని స్వరసముదాయములను చేర్చెను. రాగమును మాత్రము నమోదు చేయక, అప్పటికప్పుడు వాయించెను. అన్ని పొరలను ఒకే స్థాయిలో వాయించిన ఒకదాని నొకటి మ్రింగివేయును. అన్నిటిని గట్టిగా వాయించిన గోల యగును. కావున మొదటి పొరను మెల్లగా వాయింపవలెను. ఎడమిచ్చుటయు నేర్వవలెను. ఒక్కొక్కప్పుడు పెట్టెను ఆపివేసి, ఒంటి గిటారును వినిపించిన, మరల పొరలు వచ్చినప్పుడు సభకు ఆనందము కలుగును.

ఇక ముఖ్యమైన ప్రశ్న. ముందే సిద్ధపఱచిన పాటను వినిపించుచు పెదవులు కదల్చుట వేఱు, సభ యెదుటనే ప్రతి పొరను వాయించి నిర్మించుట వేఱు. 2004లో స్కాట్లండు గాయని కె.టి. టన్‌స్టాల్, రావలసిన మఱియొక కళాకారుడు రాకపోగా, బి.బి.సి. టెలివిజనులో ఒంటరిగా పాడి ప్రసిద్ధురాలయ్యెను. ఆమెకు తోడుగా గిటారును లూప్ పెడలును ఉండెను. 2015లో ఎడ్ షీరన్ లండనులోని వెంబ్లీ స్టేడియమున మూడు రాత్రులు ఇట్లే ఒంటరిగా నిలిచెను. అతడు పాటలోని పొరలను వేదికపైననే వాయించి చేర్చును. పాట ముగిసిన పిమ్మట చెఱిపివేయును. 2025 ఫిబ్రవరిలో బెంగుళూరునకు వచ్చి, శిల్పారావుగారితో కలిసి 'చుట్టమల్లే' యను తెలుగు పాటను పాడినవాడు ఇతడే. మన పిల్లలు అతనిని చూచి ఈ పెట్టెను కోరుచున్నారన్న ఆశ్చర్యము లేదు.

అట్లని అడిగినంతనే కొనిపెట్టుడని నేను చెప్పను. ముందుగా పిల్లవానిని ఒక ఆవర్తనమును పాదముతో తాళము వేయుచు పదునాఱుమార్లు తప్పక వాయింపుమనుడు. నడక పరుగెత్తినను, జాఱినను పెట్టెకు ఇంకను వేళ కాలేదని యెఱుగుడు. నడక నిలిచినచో ఈ పెట్టె మంచి గురువు. తన తప్పును తనకే మరల మరల వినిపించును, ముఖస్తుతి చేయదు.

దీని కొక లోపము కలదు. ఇది వినిపించునే గాని వినదు. మనము తడబడిన ఆగదు, ఉత్సాహము కలిగిన వేగము పెంచదు. తోడి వాద్యగాడు చేయు పనిని ఇది చేయజాలదు. కావున స్నేహితులు దొరికిననాడు పెట్టెను ప్రక్కన బెట్టి వారితో కూడి వాయించుట మేలు. దొరకనినాడు ఊరకుండుటకంటె ఇది మేలు. ఆ బాలుడు నామాట విని మానుకొనియున్నచో నేను చేసిన తప్పును దిద్దు పెట్టె యేదియు లేదు.

ఈ సంవత్సరపు ఉత్సవమునను అతడు వాయించును. జ్వరము తగ్గిన మిత్రుడు సగము కార్యక్రమమున తోడుండును. తక్కిన సగము పెట్టెతో ఒంటరిగా వాయించును. తల్లిదండ్రులు విచ్చేసి, అతని చేతులతోపాటు పాదమునుగూడ గమనింప ప్రార్థించుచున్నాను. అబ్బాయి చేసిన దేమో అప్పుడు వేఱుగా చెప్ప నవసరముండదు.