201వ యూనిట్‌ ఖరీదెంతో తెలుసా?

గృహజ్యోతిలో మీ ఇంటికి ‘జీరో బిల్లు’ వస్తోందా? అయితే ఈ లెక్క చూడండి. 2024 మార్చి నుంచి అర్హులైన కుటుంబాలకు నెలకు గరిష్ఠంగా 200 యూనిట్లదాకా కరెంటు ఫ్రీ. మీటర్‌ 201 చూపిస్తే మాత్రం మొత్తం బిల్లు కట్టాల్సిందే. 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున, ఆ పైదానికి రూ.7.70. అంటే ఒక్క యూనిట్‌ తేడాతో సున్నా కాస్తా రూ.1,027 దాటుతుంది. ఫిక్స్‌డ్‌ ఛార్జీలు, సుంకం అదనం.

ఇంత డబ్బు దేనికి? కరెంటు కొనడానికి, దాన్ని మన గడపదాకా తెచ్చే లైన్లకు. వికారాబాద్‌, తాండూరు చుట్టుపక్కల చాలా చేలకు బోరు మోటార్లే దిక్కు. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్‌ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి. ఎండాకాలం ఇళ్లలో కూలర్లు, ఏసీలు తోడైతే లోడ్‌ ఎక్కడికో పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌ కాలిందంటే ఇంట్లో చీకటి, చేలో ఎండిన పైరు. కొత్త సబ్‌స్టేషన్లు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు, స్మార్ట్‌ మీటర్లు కావాల్సిందే. అందులో పేచీ లేదు.

పేచీ అంతా ఖర్చు దగ్గరే. బిల్లు మీద సున్నా ఉన్నంత మాత్రాన ఖర్చు సున్నా కాదు. ఉచితం ఇచ్చే ప్రభుత్వం ఆ సొమ్మును డిస్కంకు ముందే కట్టాలని విద్యుత్‌ చట్టం–2003లోని 65వ సెక్షన్‌ చెబుతోంది. అది ఆలస్యమైతే డిస్కం అప్పు చేయాలి, వడ్డీ కట్టాలి. చివరికి ఆ బరువు మన బిల్లు మీదకో, ఆగిపోయిన లైన్‌ పనుల మీదకో వస్తుంది.

స్మార్ట్‌ మీటర్‌తో ఇంకో మెలిక ఉంది. వేళను బట్టి రేటు పెట్టాలని కేంద్రం 2023లో నిబంధనలు తెచ్చింది. పగలు ఎండ ఉన్నప్పుడు తక్కువ, సాయంత్రం రద్దీ వేళ ఎక్కువ. పగలు నడిచే పాలిషింగ్‌ యూనిట్‌కు అది లాభమే. పొద్దంతా కూలికెళ్లి, చీకటి పడ్డాక ఇంట్లో ఫ్యాన్‌ వేసుకునేవాళ్ల సంగతేంటి?

ఈ ప్రశ్న అడగడానికి ఓ చోటుంది. అదే విద్యుత్‌ నియంత్రణ మండలి, ఈఆర్‌సీ. 2024లో డిస్కంలు 300 యూనిట్లు దాటిన ఇళ్లకు ఫిక్స్‌డ్‌ ఛార్జీని కిలోవాట్‌కు రూ.10 నుంచి రూ.50కి పెంచుతామన్నాయి. బహిరంగ విచారణ తర్వాత, అక్టోబర్‌లో ఈఆర్‌సీ దాన్ని 800 యూనిట్లు దాటినవాళ్లకే పరిమితం చేసింది.

డిస్కంలు రేట్ల ప్రతిపాదనలు పెట్టిన ప్రతిసారీ ఈఆర్‌సీ అభ్యంతరాలు పిలుస్తుంది. ఎవరైనా రాయొచ్చు, లాయర్‌ అక్కర్లేదు. బిల్లు ఫొటో స్టేటస్‌లో పెట్టి తిట్టుకునే బదులు, ఈసారి ఒక పేజీ అక్కడికి పంపండి.