కందిరీగ ఫొటో

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వైపు ఇళ్లల్లో కిటికీ మూలన చిన్న మట్టి గూడు కనిపిస్తుంటుంది. అది కందిరీగ గూడు. కుడుతుందని భయపడి చాలామంది పుల్లతో పొడిచేస్తారు. కుట్టేది ఆడ కందిరీగే. మగదానికి కొండి ఉండదు. మట్టి తెచ్చి గూడు కట్టేదీ ఆడదే. ఇంటి చాకిరీ అక్కడా తల్లిదే! పురుగునో సాలీడునో కుట్టి, కదలకుండా చేసి గూట్లో పెడుతుంది. గుడ్డు కూడా అందులోనే పెట్టి మూసేస్తుంది. పుట్టే పిల్లకు అదే తిండి.

ఆడదో మగదో ఎట్లా తెలుస్తుంది? మీసాల కణుపులు లెక్కపెట్టాలి. చెరుకు గడకు ఉన్నట్టే వాటికీ కణుపులుంటాయి. ఆడదానికి ఒక్కో మీసానికి 12, మగదానికి 13. మామూలు కంటికి అవి ఆనవు. కెమెరాకు భూతద్దంలాంటి అద్దం పెట్టి ఫొటో తీయాలి.

అక్కడే చిక్కు. అంత దగ్గరగా తీస్తే వెంట్రుక మందమంత మేరే స్పష్టంగా పడుతుంది. కన్ను బాగా పడితే మీసం కొస మసక. కొస బాగా పడితే కన్ను మసక.

అందుకని కెమెరాను పిసరంత పిసరంత జరుపుతూ ఫొటోలు తీస్తారు. ఒక్కోసారి 50, 100 కూడా అవుతాయి. ఒక్కో ఫొటోలో స్పష్టంగా ఉన్న ముక్కను కంప్యూటర్ ఏరి, అన్నీ కలిపి ఒకే బొమ్మ చేస్తుంది. దీన్ని ఫోకస్ స్టాకింగ్ అంటారు. మధ్యలో కందిరీగ కదిలిందా, అంతా వృథా. అందుకే తెల్లవారుజామున, చలికి అది బిగుసుకుని ఉన్నప్పుడు తీస్తారు. లేదంటే చచ్చి పడినదాన్ని తెచ్చి తీస్తారు.

ఆ బొమ్మలో మీసం మొదలు నుంచి కొస దాకా కణుపులు లెక్కపెట్టవచ్చు. రెండు పెద్ద కళ్ల మధ్య, నెత్తి మీద, ఇంకో 3 బుల్లి కళ్లు కూడా కనిపిస్తాయి.